పాత కారు కొనేటప్పుడు ఇంజన్ ఆఖరున చూడండి

లక్ష రూపాయల లోపు పాత కారు కొనడానికి వెళ్లినవాళ్లు మొదట చేసే పని బానెట్ లేపడం. నేను మాత్రం బానెట్ ఆఖరున లేపమంటాను. ముందు కాగితాలు, తర్వాత తుప్పు, ఆ రెండూ బాగుంటేనే ఇంజన్. మారుతి 800, ఆల్టో, పాత వేగనార్, శాంత్రో లాంటి బండ్ల ఇంజన్ పని తెలియని మెకానిక్ నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కనపడడు. సామాను ఊళ్లో దొరక్కపోతే నెల్లూరు ఆటోనగర్‌లో దొరుకుతుంది. ఏ పనికి ఎంతవుతుందో ముందే అడిగి తెలుసుకోవచ్చు. అదే ఆర్సీలో పేరున్న మనిషి చనిపోయి, వారసులు తలా ఒక ఊళ్లో ఉంటే ఏ మెకానిక్ ఏం చేస్తాడు? కింద రేకు తుప్పు తినేసిన బండి సంగతీ అంతే.

నేను కావలిలో ఉంటాను, పల్లెలో హైస్కూలు టీచర్ని. బస్సు వేళలు కుదరక పాత ఆల్టో కొని పొదిలి నుంచి తెచ్చుకున్నాను. అది చూసి తోటి టీచర్లు, చుట్టాలు తమకూ ఒకటి చూసిపెట్టమంటే వాళ్లతో కూడా తిరిగాను. మాతో వచ్చే మెకానిక్ అన్న దగ్గర నేర్చుకున్నవి, ఆఫీసు కౌంటర్ల దగ్గర తెలుసుకున్నవి కలిపి రాస్తున్నాను.

డబ్బు సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. చేతిలో లక్ష ఉంటే డెబ్బై వేల బండే చూడండి. మిగతా ముప్పై వేలు టైర్లకి, బ్యాటరీకి, ఇన్సూరెన్సుకి, పేరు మార్పుకి కావాలి. లక్షా బండికే పెట్టేస్తే మొదటి నెలలోనే అది ఇంటి ముందు నిలబడిపోతుంది.

తూర్పు బండి, పడమటి బండి

మన దగ్గర బండి ఏ ఊళ్లో తిరిగిందన్నది ఏ సంవత్సరం మోడల్ అన్నదానికన్నా ముఖ్యం. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు, అంటే సముద్రానికి, రొయ్యల గుంటలకి దగ్గరగా తిరిగిన బండ్లకి ఉప్పుగాలి తగులుతుంది. రొయ్యల లోడు నీళ్లు కారుతూ పోయే దారుల్లో చక్రాల కింద నుంచి ఉప్పునీళ్లు చిమ్ముతాయి. పైన పెయింటు తళతళలాడుతున్నా కింద ఫ్లోర్ పోయి ఉంటుంది. కొత్తపట్నం, మైపాడు లాంటి బీచ్ ఊళ్ల బండ్లూ అంతే.

పడమట ఉదయగిరి, పొదిలి, కనిగిరి వైపు బండ్లకి రేకు గట్టిగా ఉంటుంది. గాలి పొడి, వాన తక్కువ. వాటి జబ్బు వేరు. అక్కడ బోరు నీళ్లు ఉప్పగా, కరుకుగా ఉంటాయి. రేడియేటర్‌లో కూలెంట్ బదులు ఆ నీళ్లే పోస్తారు. ఏళ్ల తరబడి పోస్తే లోపల తెల్లగా పెచ్చు కట్టి దారులు మూసుకుపోతాయి. చీమకుర్తి వైపు బండి అయితే గ్రానైట్ దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌లో పేరుకుని ఉంటుంది, లారీల వెనక తిరిగి ముందు అద్దానికి గాట్లు పడి ఉంటాయి.

నన్నడిగితే పడమటి బండే కొనమంటాను. రేడియేటర్ మార్చుకోవచ్చు, ఫిల్టర్ మార్చుకోవచ్చు. ఫ్లోర్ మొత్తం కోసి కొత్త రేకు వెల్డింగ్ పెట్టించడం చౌక బండికి గిట్టే పని కాదు.

ఇంకోటి, వరద బండి. 2015 డిసెంబర్‌లో చెన్నై మునిగింది. 2021 నవంబర్‌లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే తెగిపోయింది, నెల్లూరు చుట్టుపక్కల ఊళ్లు నీళ్లలో ఉన్నాయి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వచ్చింది. నీళ్లలో నిలిచిన బండిని కడిగి, సీటు కవర్లు మార్చి అమ్మేవాళ్లు ఉంటారు. పట్టుకోవడానికి తేలిక మార్గం సీటు బెల్టు. దాన్ని చివరిదాకా లాగండి. ఎప్పుడూ బయటికి రాని ఆఖరు మూర వరకూ రావాలి. అక్కడ బురద చార, గోధుమరంగు గీత, ముట్టుకుంటే సన్నటి ఒండ్రు పొడి చేతికి అంటుకుంటే ఆ బండి మునిగిందే. కవర్లు మార్చినవాళ్లు బెల్టు చివర దాకా కడగరు. అది కనపడితే ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు. వైర్ల జాయింట్లలో పచ్చగా చిలుము పట్టి, ఏడాది తర్వాత ఒక్కోటీ బయటపడతాయి.

కాగితాలు

ఫొటోల కన్నా ముందు బండి నంబరు అడగండి. నంబరు చెప్పడానికి వెనకాడితే ఆ బండి అక్కడితో వదిలేయండి. నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, గడువు, ఇన్సూరెన్సు, ఫైనాన్స్ ఉందా లేదా అన్నవి కనపడతాయి. ఈ-చలానాలు కూడా చూసుకోండి. ఏపీ 26 అంటే నెల్లూరు, ఏపీ 27 అంటే ప్రకాశం. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది కాబట్టి మన ధరకి దొరికేవి దాదాపు పాత సిరీస్ బండ్లే.

సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకి చెల్లుతుంది. ఆ తర్వాత బండిని ఫిట్‌నెస్‌కి చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. గడువుకి 60 రోజుల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ ఫీజు ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి కారుకి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. పైన గ్రీన్ ట్యాక్స్ వేరే. చాలామందికి తెలియనిది ఆలస్య రుసుము. గడువు దాటాక కారుకి నెలకి 500 చొప్పున పడుతుంది. "మూడేళ్ల నుంచి షెడ్డులోనే ఉంది, అందుకే ఈ ధరకి ఇస్తున్నాం" అని ఎవరైనా అంటే, ఆ మూడేళ్లకి ఆలస్య రుసుమే 18,000. అది బండి ధరలోంచి తీసేసి మాట్లాడండి. ఇంకా మంచిది, వాళ్లనే రెన్యువల్ చేయించి ఇవ్వమనండి. ఫిట్‌నెస్‌లో బండి నెగ్గుతుందో లేదో కూడా వాళ్ల ఖర్చుతోనే తేలిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఆర్సీలో ఎవరి పేరు ఉంది? ఒక బండి కోసం వెళ్లినప్పుడు జరిగిన మాటలు ఇవి.

"బండి మీ పేరు మీదే ఉందా అండీ?"

"మా బావమరిది దగ్గర తీసుకున్నా మేడమ్. ఆయన ఒంగోల్లో ఇంకొకాయన దగ్గర కొన్నాడు. సంతకాలు పెట్టిన ఫారాలు ఉండాయి, మీకేం టెన్షన్ లేదు."

ఉంది. పేరు మార్పు అంటే ఇప్పుడు పాత ఫారాల మీద సంతకాలతో అయిపోయే పని కాదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి, ఓనర్ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. ఒంగోల్లో ఆ మనిషెవరో, ఫోన్ తీస్తాడో లేదో! కాబట్టి ఆర్సీలో ఉన్న మనిషితోనే మాట్లాడండి, ఆ మనిషికే డబ్బివ్వండి. ఓనర్ చనిపోయి ఉంటే ముందు వారసులు ఫారం 31 పెట్టి తమ పేరుకి మార్చుకోవాలి, ఆ తర్వాతే మనకి అమ్మాలి. "మా నాన్న బండి, నేను ఇస్తున్నాగా" అన్న మాట మనసుకి ఒప్పుతుంది, కానీ మిగతా వారసులు సంతకం పెట్టకపోతే మనం ఇరుక్కుంటాం.

బండి మీద లోను ఉండి కట్టేసినా ఆర్సీలో ఫైనాన్స్ పేరు అలాగే ఉండిపోతుంది. అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 ఉంటేనే అది పోతుంది. ఆ కంపెనీయే మూతపడి ఉంటే ఎన్‌ఓసీ కోసం ఎన్నాళ్లు తిరగాలో చెప్పలేం.

చెన్నై, బెంగళూరు బండ్లు చౌకగా కనపడతాయి. సూళ్లూరుపేట, తడ దాటితే తమిళనాడే కాబట్టి మనవాళ్లకి ఆశ ఎక్కువ. అక్కడి నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. అవన్నీ కలుపుకుంటే లక్ష లోపు బండికి మిగిలేది ఏమీ ఉండదు. మన జిల్లాల బండే కొనుక్కోండి.

బండి దగ్గరికి వెళ్లాక ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్సీతో సరిచూడండి. మారుతి బండ్లలో బానెట్ కింద, ఇంజన్ వెనక అడ్డ రేకు మీద ఛాసిస్ నంబరు కొట్టి ఉంటుంది. మురికి పట్టి కనపడకపోతే గుడ్డతో తుడిచి, పైన కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు దిగుతుంది. అక్కడ రాపిడి చేసినట్టు ఉంటే వెనక్కి వచ్చేయండి.

తుప్పు ఎక్కడ చూడాలి

పగటి వెలుతురులో చూడాలి. సాయంత్రం, వాన తర్వాత, కడిగిన వెంటనే చూస్తే ఏ బండైనా బాగుంటుంది. డ్రైవర్ సీటు ముందు కాలి కింద మ్యాట్ తీసి, కింద ఉన్న కార్పెట్ అంచు పట్టుకుని లేపండి. అమ్మేవాళ్లు కాస్త ఇబ్బంది పడతారు, ఫరవాలేదు, అడిగి లేపండి. రేకు పొడిగా, కంపెనీ రంగుతో ఉండాలి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టితే టంగుమని మోగాలి. డబడబమని మెత్తగా మోగితే కింద పొర ఊడిపోయినట్టే. ఒకసారి అల్లూరు వైపు ఒక 800 చూశాం. పైన కొత్త పెయింటు, కొత్త సీటు కవర్లు. కార్పెట్ లేపితే కింద పల్చటి రేకు ముక్క రివిట్లతో బిగించి ఉంది. మెకానిక్ అన్న దాన్ని బొటనవేలితో నొక్కాడు, అంచున తుప్పు పెచ్చులు రాలి కింద రోడ్డు కనపడింది. ఆ బండికి లోపలి సామానంతా బాగానే ఉంది. కానీ ఆ ఫ్లోర్ మీద సీటు బిగించి, ఆ సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టి హైవే ఎక్కుతామా?

తర్వాత డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంట చూడండి. తలుపుల కింద అంచులు, నీళ్లు కారిపోయే చిల్లులు, వెనక చక్రాల పైన లోపలి భాగం, బ్యాటరీ పెట్టే ట్రే చూడండి. చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకోండి. తలుపు మీద, ఫెండర్ మీద దాన్ని ఆనించండి. లప్పం మందంగా పెట్టిన చోట అది అంటుకోదు. ఒక తలుపుకి చిన్న టింకరింగ్ పని చేసి ఉంటే పట్టించుకోకండి, ఈ వయసు బండికి అది మామూలే. పైకప్పుని మోసే పిల్లర్లకి, బానెట్ కింద ఇంజన్ పక్కనుండే రేకు, అంటే ముందు ఏప్రాన్‌కి వెల్డింగ్ ఉంటే మాత్రం పెద్ద యాక్సిడెంట్ అయిన బండి.

టైర్ల పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గాట్లు బాగున్నాయని పాత టైరుని నమ్మకండి, ఎండకి పగుళ్లు తేలి ఉంటుంది. టైరు ఒక పక్కే అరిగి ఉంటే అలైన్‌మెంటో, కింద సామానో పోయినట్టు.

ఇప్పుడు ఇంజన్

వెళ్లేముందు ఫోన్ చేసి "మేమొచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దండీ" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే చల్లారేదాకా కూర్చోవాల్సిందే. చల్లటి ఇంజన్ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటే మంచిది. సైలెన్సర్ వెనక ఒకరు నిలబడాలి. నీలంగా పొగ వస్తే ఆయిల్ తాగుతోంది, నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ కాలుతోంది, ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగకుండా వస్తుంటే నీళ్లు లోపలికి పోతున్నాయి, హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగానికి, కింది భాగానికి మధ్య లీకులు ఆపే పొర) పని. ఆయిల్ పోసే మూత తీసి లోపల చూడండి. మజ్జిగ మీగడలా తెల్లగా ఉంటే అదీ నీళ్లు కలిసిన గుర్తే.

రేడియేటర్ మూత ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి. నా ఆల్టోలో మూత తీసినప్పుడు లోపలి గొట్టాల అంచున సున్నంలా పెచ్చు కనపడింది. అన్న వేలితో గీకి చూపించి, "రేడియేటర్ కొత్తది వేసుకోవాల టీచరమ్మా, అది బేరంలో తగ్గించుకో" అన్నాడు. అమ్మే పెద్దాయనకి ఆ పెచ్చు చూపించి అడిగితే ఆయన కాదనలేదు. తప్పు చేత్తో చూపిస్తే బేరం గొడవ లేకుండా తెగుతుంది. ఊరికే "తగ్గించండి" అంటే ఎవరూ తగ్గించరు.

క్లచ్ కోసం హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేసి, మూడో గేరులో పెట్టి మెల్లగా క్లచ్ వదలండి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా గుర్రుమంటూ ఉంటే క్లచ్ ప్లేటు అయిపోయింది. మారుతి 800, పాత ఆల్టోల 796 సీసీ ఇంజన్‌లో టైమింగ్ బెల్టు ఉంటుంది. దాన్ని ఎప్పుడు మార్చారో చెప్పలేకపోతే కొన్న వెంటనే మార్పించాలని లెక్క వేసుకోండి. పెట్రోలు వాసన వస్తోందేమో చూడండి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పోస్తున్నారు, ఆ కాలం బండ్ల రబ్బరు పైపులు దాని కోసం చేసినవి కావు. ఏసీ వేసి ఇంజన్ కాసేపు నిలబడి నడవనివ్వండి. టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోకూడదు.

మీటర్‌లో కిలోమీటర్లని నేను లెక్కలోకి తీసుకోను. బ్రేక్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ మీద చేతులు పట్టుకునే చోటు ఎంత అరిగాయో అదే అసలు లెక్క.

బండి తెచ్చుకునే రోజు

ఇన్సూరెన్సు లేని బండిని గజం కూడా నడపొద్దు. బేరం కుదిరిన రోజే థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) అయినా ఉందో లేదో చూసి, లేకపోతే కట్టించండి. వెయ్యి సీసీ లోపు కారుకి 2022 జూన్‌లో పెట్టిన రేటు ఏడాదికి 2,094, పైన పన్ను. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా చూసుకోండి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. పేరు మార్పుకి పెట్టే ఫారం 29, ఫారం 30, అమ్మకం రసీదు మీద తేదీ మాత్రమే కాదు, గంట కూడా రాయించండి. ఆ గంటకి ముందు జరిగినవాటికి వాళ్లు, తర్వాత జరిగేవాటికి మనం. రెండో తాళం, ఆర్సీ అసలు కార్డు, జాకీ, వీల్ స్పానర్ అక్కడే అడిగి తీసుకోండి, తర్వాత పంపుతామంటే ఒప్పుకోవద్దు.

ఫాస్టాగ్ చాలామంది మరిచిపోతారు. అద్దం మీద ఉన్న ట్యాగ్ పాత ఓనర్ ఖాతాది. దాన్ని ఆయనే మూయించాలి, అప్పుడే మన పేరున కొత్తది వస్తుంది. ట్యాగ్ లేకుండా టోల్ గేటు చేరితే, యూపీఐతో కట్టినా 2025 నవంబర్ నుంచి ఒకటింపావు రెట్లు. పొదిలి నుంచి కావలికి వచ్చేటప్పుడు నాకు టంగుటూరు గేటు తగిలింది. అదే నెల్లూరు దక్షిణం నుంచి వచ్చేవాళ్లకి వెంకటాచలం ఉంటుంది.

తెల్లవారుజామున బయలుదేరండి. ఎండ ముదిరితే తెలియని రేడియేటర్‌తో హైవే మీద కష్టం, చీమకుర్తి దగ్గర రాళ్ల లారీలు కూడా ఎక్కువవుతాయి. వెంట ఐదు లీటర్ల మంచినీళ్లు, ఒక లీటరు ఇంజన్ ఆయిల్, ఫ్యూజులు, తాడు, టార్చి ఉండాలి. వెనకే ఇంకో బండిలో మనిషి వస్తే ఇంకా మంచిది. మా బావ బైకు మీద వచ్చాడు. మొదటి బంకులోనే పెట్రోలు పోయించి స్టెప్నీతో సహా గాలి చూపించండి. పది కిలోమీటర్లు పోయాక నీడ చూసి ఆపి, దిగి, నాలుగు చక్రాల దగ్గర వంగి చెయ్యి పెట్టి చూడండి. ఒక చక్రం మాత్రం మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే బ్రేక్ పట్టేసి ఉంది. కింద ఆయిల్ చుక్కలు, నీటి చుక్కలు పడుతున్నాయేమో చూడండి. నేను చీమకుర్తిలో, ఒంగోలు బైపాస్ ఎక్కేముందు, సింగరాయకొండ దగ్గర ఆగాను. అరవై, డెబ్బై దాటించలేదు. ఆ బండి బ్రేకు మనకింకా అలవాటు లేదు, లారీ వెనక దూరం ఉంచుకోవాలి.

ఇంటికొచ్చాక ఆ వారంలోనే ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ అన్నీ మార్పించేయండి. వాళ్లు మొన్ననే మార్చామని చెప్పినా మార్పించండి. ఈ రోజు నుంచి ఏది ఎప్పుడు మార్చామో చిన్న పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టవచ్చు.

పేరు మార్పుకి కొన్నవాళ్లు 30 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి, అదే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లోపు తెలియజేయాలి. ఇన్సూరెన్సు మన పేరుకి మార్చమని 14 రోజుల్లోపు కంపెనీకి రాయాలి. అమ్మినవాళ్ల నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) వాళ్లదే, బండితో రాదు. పేరు మారనంత వరకూ యాక్సిడెంట్ జరిగితే పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్న ఓనర్ మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పొదిలి పెద్దాయన రిటైరైన మనిషి, బండిని చూసే తీరు చూసే నేను కొన్నాను. కొత్త ఆర్సీ చేతికి రాగానే దాని ఫొటో తీసి ఆయనకి వాట్సాప్‌లో పంపి, ఫోన్ చేసి చెప్పాను. మీరు కూడా అమ్మినవాళ్లకి తప్పకుండా పంపండి, వాళ్లు దాచుకోవాల్సిన కాగితం అది.